శ్వేతగిరులలో తిరిగి మొలచిన వనము

భారతములోని ఖాండవదహనకథ నెరుగని స్త్రీలు మనలో అరుదు. అగ్నిహోత్రుడా మహారణ్యమును మ్రింగినప్పుడు బ్రతికి బయటపడిన ప్రాణులు మిక్కిలి కొలది. మయుడు, తక్షకుని కుమారుడగు అశ్వసేనుడు, జరిత కన్న నాలుగు శార్ఙ్గకపు పిల్లలు. వీరందరి కథలును మనకు తెలియును. మయుడు కట్టిన సభ సంగతియు తెలియును. కాని కాలిపోయిన ఆ నేలమీద మరుసటి తొలకరికి ఏమి మొలచెనో ఎవరును చెప్పలేదు. చిన్ననాట తండ్రిగారియొద్ద ఆదిపర్వము చదువుకొనునప్పుడు ఈ సందేహము నాకు కలిగియుండెను. దానికి సమాధానము నాకు గ్రంథములయందు దొరకలేదు. సముద్రముల కావల, అమెరికాదేశపు ఈశాన్యమూలనున్న కొండలలో దొరికెను. సోదరీమణులకు ఆ సంగతి చెప్పవలెనను కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ కొండలకు వైట్ మౌంటెన్స్ అని పేరు. మన మాటలో శ్వేతగిరులు అనవచ్చును. ఇవి న్యూ హాంప్‌షైర్ అను చిన్న రాష్ట్రములో నున్నవి. వీనిలో నెల్ల పెద్దదగు వాషింగ్టన్ శిఖరము 6,288 అడుగుల యెత్తు గలది. హిమవంతుని ముందర ఇది పసిబిడ్డ వంటిదే. కాని ఉత్తరదేశ మగుటచే ఆ మాత్రపు టెత్తుననే చలియు గాలియు దుస్సహములు. కొండల దిగువభాగమున ఆకురాల్చు వృక్షములును, పైభాగమున ఎల్లకాలము పచ్చగానుండు సూదియాకుల వృక్షములును, మిక్కిలి యెత్తున వట్టి రాళ్లును కనబడును.

నా చెల్లెలును దాని భర్తయు బోస్టను నగరమునకు సమీపమున కాపురమున్నారు. దాని పురిటికి పోవుటకు మా అమ్మగారికి ఓపిక చాలకపోవుటచే ఆ భారము నాపై బడెను. మా వారు బడిపంతులు. వారికి సెలవు దొరకదు. పిల్లలను తాను చూచుకొందునని మా అత్తగారు ధైర్యము చెప్పి నన్ను పంపిరి. చైత్రమాసమున పోయి ఆశ్వయుజమున తిరిగి వచ్చితిని. పసిబిడ్డకు మూడవ నెల వచ్చిన పిదప మా మరిదిగారు మమ్ము ఆ కొండలకు రెండు పర్యాయములు తీసికొనిపోయిరి. మొదటిసారి జూలై మాసమున. రెండవసారి సెప్టెంబరు కడపట, ఆకులు ఎర్రబారు దినములలో.

బోస్టనునుండి ఉత్తరముగా సుమారు రెండువందల కిలోమీటర్లు పోవలయును. దారి పొడవునను ఇరువైపుల చెట్లే. మధ్యదారిలో భోజనమునకై ఒక తోపున ఆగినప్పుడు నాకొక వింత కనబడెను. దట్టమైన అడవి నడుమ, మోకాలెత్తున, నాచు పట్టిన రాతిగోడ యొకటి ఇటునుండి అటు పోవుచుండెను. ఇల్లు లేదు, వాకిలి లేదు, బావి లేదు. అడవిలో గోడ యెవరు కట్టిరని నేనడిగితిని. మా మరిదిగారు నవ్వి, "వదినగారూ, గోడ కట్టినప్పుడు ఇది అడవి కాదు. గొఱ్ఱెలు మేయు బీడు" అనిరి.

ఆ మాట నిజము. పందొమ్మిదవ శతాబ్దపు నడిమికాలమున ఆ రాష్ట్రపు భూమిలో ఇంచుమించు సగము పొలములుగను, పశువుల బీళ్లుగను ఉండెనట. రైతులు అడవి నరికి, నేలలోని రాళ్లేరి, గట్లకు గోడలుగా పేర్చిరి. తరువాత పడమటి దిక్కున సారవంతమైన నేలలున్నవని వినియు, రైలుమార్గములు వచ్చుటచే అచ్చటి ధాన్యము చౌకగా దిగుటచేతను, ఇచ్చటి రైతులు వేలకొలది పొలములు విడిచి వెడలిపోయిరి. విడిచిన బీళ్లమీదికి ముందుగా తెల్ల పైన్ వృక్షముల గింజలు గాలితో వచ్చెను. పైన్ చెట్ల నీడలో ఓక్, మేపిల్ మొదలగునవి లేచెను. హెన్రీ డేవిడ్ థోరో అను రచయిత 1860లో రైతులసభ యొకదానిలో ఉపన్యసించుచు ఈ సంగతినే విశదీకరించెను. పైన్ గింజను గాలి మోయుననియు, ఓక్ కాయను ఉడుత మోసికొనిపోయి పాతిపెట్టుననియు, విత్తు లేక చెట్టు ఎచ్చటను మొలవదనియు ఆయన నిరూపించెను. నేడా రాష్ట్రములో నూటికి ఎనుబది వంతులకు పైగా అడవియే. మనుష్యులు పెంచినది కాదు. మనుష్యులు వెడలిపోగా వచ్చినది.

ఇది మైదానపు కథ. కొండల కథ ఇంతకన్న కఠినమైనది. అచ్చట రైతు నరకలేదు, వ్యాపారి నరికెను. 1867లో రాష్ట్రప్రభుత్వము తన అధీనముననున్న కొండభూములను ప్రైవేటువారికి చౌకగా అమ్మివేసెను. కొన్నవారు అడవిలోనికి రైలుపట్టాలు పరచిరి. వారిలో జె. ఇ. హెన్రీ అను వర్తకుని పేరు ఆ ప్రాంతమున నేటికిని చెప్పుకొందురు. అతడు మొదట జీలండ్ అను లోయలో స్ప్రూస్ వృక్షములను నరికించెను. స్ప్రూస్ అనునది సూదియాకులు గల నిటారైన చెట్టు. దూలములకును పలకలకును పనికివచ్చును. దాని గుజ్జుతో కాగితము చేయుదురు. మనము చదువుకొను పత్రికలవంటివి ఆ దేశమున అచ్చుపడినది చాలకాలము ఈ జాతి చెట్ల గుజ్జుమీదనే. జీలండ్ లోయ అయిపోగానే, 1892లో అతడు లింకన్ అను పల్లెకు వచ్చి, పెమిగెవాసెట్ నది తూర్పుపాయ వెంబడి మరియొక రైలుమార్గము వేసెను. చేతులు మారినను ఆ మార్గము 1948 వరకు కలప మోయుచునే యుండెను.

నరుకుటకంటె దాని వెనుక వచ్చినది ఘోరము. మొదలు మాత్రము తీసికొని, కొమ్మలు రెమ్మలు అచ్చటనే విడిచిపోవుచుండిరి. అవి ఎండలో ఎండి, నిలువెత్తు గుట్టలుగా పడియుండెను. రైలుయింజను నిప్పురవ్వ యొక్కటి చాలును. జీలండ్ లోయలో 1886లో పుట్టిన మంట సుమారు 12,000 ఎకరములను కాల్చెను. 1903లో అదే లోయ మరల కాలెను. 1907లో పెమిగెవాసెట్ ప్రాంతమున పెద్దమంట లేచెను. ఆ కాలపు ఛాయాపటములను ఒక ప్రదర్శనశాలలో చూచితిని. గడ్డిపోచయైన లేదు. నల్లని మోళ్లు, తెల్లని రాళ్లు, వాని నడుమ వంకలు తిరిగిన రైలుపట్టా. ఆ పటము చూచినవారెవరును ఇక నిచ్చట అడవి యుండునని అనుకొనరు.

ఆ పటము చూచిన మరునాడు ఆ చోటికే పోయితిమి. లింకన్ పల్లె దాటి కొండదారిలో కొంతదూరము పోగా, నదిమీద ఊగుడువంతెన యొకటి కలదు. దానిని దాటినచో పాత రైలుమార్గపు కట్టయే నేడు కాలిబాట. కట్ట యగుటచే ఎగుడుదిగుడు లేదు. పసిబిడ్డను గుండెకు కట్టుకొని నా చెల్లెలు సుఖముగా నడచెను. కొన్నిచోట్ల పాత స్లీపరుదిమ్మెలు నేలలో సగము పూడి, పుచ్చి, నాచు పట్టి కాలికి తగులుచుండెను. తలయెత్తినచో ఆకాశము చిల్లులు చిల్లులుగా మాత్రమే కనబడును. మేపిల్, బీచ్, బర్చ్ చెట్లు. నడుమ నడుమ నల్లగా హెమ్లాక్, స్ప్రూస్. ప్రక్కన నది గుండ్రాళ్ల మీద మ్రోయుచుండెను. వంద సంవత్సరముల క్రిందట ఇది పటములోని ఆ స్మశానమని నమ్ముట కష్టము.

దారిలో అటవీశాఖకు చెందిన ఒక ఉద్యోగిని కనబడెను. నడివయసు దాటిన ఆమె; శిరమున టోపీ, వీపున సంచి. "ఇన్ని చెట్లను నాటుటకు ఎంతమంది కూలీలు పట్టిరమ్మా?" అని మా మరిదిగారిచే నేనడిగించితిని. ఆమె ఒకింత ఆగి, "ఎవరును నాటలేదు" అనెను. నేను మరల అడిగించితిని. ఆమె మరల అదే చెప్పి, "మేము చేసినదెల్ల మంట పుట్టకుండ కాచుటయు, ఓపిక పట్టుటయు" అనెను. ఆ తరువాత అరగంటసేపు మాతో నడచుచు అడవి తిరిగి వచ్చు విధము నంతయు ఒక్కొక్క చెట్టును చూపి బోధించెను. ఆమె చెప్పినదానిని, తరువాత నేను చదివి తెలిసికొనినదానిని కలిపి ఇచ్చట చెప్పెదను.

నరికిన అడవికి నాలుగు విధములైన మూలధనము మిగిలియుండును. మొదటిది వేరు. బీచ్, మేపిల్ వంటి చెట్లను నరికినను వేళ్లు చావవు. మోడునుండియు, వేళ్లనుండియు క్రొత్త చిగుళ్లు లేచును. రెండవది నీడలో కాచుకొనియున్న మొక్క. షుగర్ మేపిల్, స్ప్రూస్, ఫర్ జాతుల పిల్లమొక్కలు పెద్దచెట్ల క్రింద, చాలీచాలని వెలుతురులో, జానెడు మూరెడు ఎత్తున దశాబ్దములు బ్రతికియుండగలవు. చూచుటకు నేటి మొక్కవలె నుండును. వయసు మన తల్లిగారి వయసు. పైచెట్టు కూలి వెలుతురు పడినంతనే అవి ఎదుగసాగును. మూడవది గాలి తెచ్చు విత్తు. బర్చ్ గింజలు పొట్టువలె తేలికైనవి. శీతకాలమున మంచుమీద జారుచు చాలదూరము పోవును.

ఈ బర్చ్ మనకు పరాయిది కాదు. మన భూర్జవృక్షమును దీనిని ఒక్క కుటుంబములోనివే. పేరులును అక్కచెల్లెండ్రవలె నుండును. కుమారసంభవమున హిమవంతముమీది విద్యాధరస్త్రీలు భూర్జపత్రముల మీద లేఖలు వ్రాసికొందురని యున్నది గదా! ఆ తెల్లని బెరడును తొలిసారి చేత తాకినప్పుడు నాకెంతయో ఆనందమయ్యెను. అది పొరలు పొరలుగా, నిజముగా కాగితమువలెనే యుండెను.

ఇక నాలుగవ మూలధనము అన్నిటికన్న విచిత్రమైనది. అది నేలలో పాతియున్న విత్తు. పిన్ చెర్రీ యను చిన్నచెట్టు కలదు. దాని ఎర్రని పండ్లను పక్షులు తిని, గింజలను అడవి యంతట విడుచును. దట్టమైన నీడలో ఆ గింజ మొలవదు, కుళ్లిపోదు. ఆకుచెత్త క్రింద ఏబది సంవత్సరములైనను, అంతకు మించియైనను నిద్రించుచుండును. తన జాతిచెట్టు ఒక్కటియు కనుచూపుమేర లేనిచోట కూడ అది నేలలో నుండవచ్చును. అడవి పడిపోయి, నేలకు ఎండ తగిలిన సంవత్సరమే అది మేలుకొనును. మన ఇండ్లలో పెద్దవారు గాదె అడుగున విత్తుగింజలు వేరుగా దాచి, ఎంత కరవు వచ్చినను వాని జోలికి పోనీయరు గదా. అడవి కూడ అట్లే చేయుచున్నది.

ఈ పిన్ చెర్రీ చేయు మేలును శాస్త్రజ్ఞులు ఆ కొండలలోనే కనిపెట్టిరి. హబ్బర్డ్ బ్రూక్ అను సెలయేటి చుట్టునున్న అడవిని 1955లో అమెరికా అటవీశాఖ పరిశోధనకై ప్రత్యేకించెను. 1963నుండి బోర్మన్, లైకెన్స్ మొదలగు శాస్త్రజ్ఞులు అచ్చటి చిన్న చిన్న వాగులలోని నీటిని కొలిచి, అందులో ఏ యే లవణములు కొట్టుకొనిపోవుచున్నవో లెక్కించుచు వచ్చిరి. 1965 శీతకాలమున సుమారు 39 ఎకరములు గల ఒక లోయలోని చెట్లనన్నింటిని నరికించి, నరికినదానిని అచ్చటనే విడిచిరి. అంతటితో ఆగక, మూడు సంవత్సరములు మందుచల్లి, ఒక్క మొలకయు లేవకుండ చేసిరి. వినుటకు క్రూరముగా నుండును. కాని వారు తెలిసికొనగోరినది, మొక్క లేని నేలకు ఏమి సంభవించునని.

సంభవించినదేమనగా, మొదటి సంవత్సరమే వాగులో నీరు నూటికి ఇంచుమించు నలుబది వంతులు అధికమయ్యెను. చెట్లు పీల్చి గాలిలోనికి విడువవలసిన నీరు క్రిందికి పారిపోయెను. నేలకు సారమిచ్చు నత్రజని లవణము పూర్వముకంటె నలుబది రెట్లు మించి కొట్టుకొనిపోయెను. ఇల్లాలు లేని యింట గిన్నెలలోని పదార్థము ఎట్లు వ్యర్థమగునో అట్లు, మొక్క లేని నేలలో సారము నిలువలేదు. తరువాత మందు మానివేసి ఊరకుండిరి. పిన్ చెర్రీ ఇతర మొక్కలతో గూడ గుంపులుగా లేచెను. దాని వేరు చురుకైనది, పెరుగుట వేగము. నాలుగైదు సంవత్సరములలో ఆకులు పైన కలసికొని నేలకు నీడ పట్టును. పారిపోవు సారమును పట్టి తన ఆకులలో, కాండములో దాచును. ఆకు రాలినప్పుడు నేలకే మరల ఇచ్చును. వాగులోని లవణము కొలది సంవత్సరములలో తగ్గి పూర్వస్థితికి సమీపించెను.

అంత మేలు చేసిన ఆ చెట్టు సుమారు ముప్పది సంవత్సరములకే మరణించును. తన నీడలో తన బిడ్డయే మొలవదు. ఆ నీడలో మొలచునవి మేపిల్, బీచ్, పసుపు బర్చ్ చెట్లు. అది పడిపోవునప్పటికి అవి ఎదిగి దాని చోటును తీసికొనును. పోవునప్పుడు అది నేలలో విడిచి పోవునది, మరియొక ఆపత్కాలమునకై తన గింజలను. ఈ సంగతి వినినప్పుడు నా మనస్సు మన యిండ్లలో బాలవితంతువులై, అన్నదమ్ముల పిల్లలను పెంచి, పేరైనను మిగుల్చుకొనక పోయిన మేనత్తల మీదికి పోయెను. వారి పెంపకమున నిలిచిన వంశములెన్ని లేవు!

అయినచో ఎంత నరికినను, ఎంత కాల్చినను భయము లేదా యని కొందరడుగవచ్చును. ఇచ్చటనే అసలు సంగతి యున్నది. అడవి తిరిగి వచ్చుట చెట్టు పోవుటమీద ఆధారపడి యుండదు. మిగిలిన నేలమీద ఆధారపడి యుండును. మంట పైపైన పోయినచోట జీలండ్ లోయలో తెల్లబర్చ్ చెట్లు బారులుగా లేచెను. రెండవసారి పోయినప్పుడు వాని పసుపుపచ్చని ఆకులను చూచుటకు రెండు కన్నులు చాలలేదు. మంట నేలలోనికి దిగి, వందల సంవత్సరముల ఆకుచెత్తచే ఏర్పడిన మెత్తని మన్నునే కాల్చినచోట, వానకు ఆ బూడిద కొట్టుకొనిపోయి రాయి బయటపడును. ఆ రాష్ట్రపు దక్షిణభాగమున మొనాడ్నాక్ అను కొండ కలదు. దాని ఎత్తు 3,165 అడుగులు మాత్రమే, శిఖరమువరకు చెట్లుండవలసినదే. పందొమ్మిదవ శతాబ్దపు తొలిదినములలో దానిపై మంటలు లేచి మన్ను పోయెను. రెండువందల సంవత్సరములైనను ఆ శిఖరము నేటికిని బోడిగానే యున్నది. గాదెలో విత్తు మిగిలినచో కరవు గడచును. గాదెయే కాలినచో గడవదు.

కావున శ్వేతగిరులు పచ్చబడుట కేవలము ప్రకృతి మహిమ అనుటయు పూర్తిగా సరి కాదు. ఎవరో ఒకరు మంటను ఆపవలెను. రెండవసారి గొడ్డలి పడకుండ చూడవలెను. ఆ పని చేసినవారిలో స్త్రీల పాలు పెద్దది. కొండలు బోడి యగుటచే మెరిమాక్ నదికి వరదలును, వేసవిలో నీటికొరతయు హెచ్చి, దిగువనున్న మాంచెస్టరు నగరపు బట్టలమిల్లులు కష్టపడెను. ఆ మిల్లులలో పనిచేయువారిలో స్త్రీలు చాలమంది. 1901లో అడవుల రక్షణకై ఆ రాష్ట్రమున నొక సంఘ మేర్పడెను. మహిళాసమాజములు దానితో చేతులు కలిపి, ఊరూర సభలు చేసి, శాసనసభ్యులకు జాబులు వ్రాసిరి. అచ్చటి లాంకాస్టరులో పుట్టిన జాన్ వీక్స్ అను సభ్యుడు ప్రతిపాదించిన చట్టము 1911 మార్చి 1వ తేదీన అమలులోనికి వచ్చెను. నదులు పుట్టు అడవులను ప్రభుత్వము ప్రైవేటువారినుండి కొని కాపాడుటకు ఆ చట్టము వీలు కల్పించెను. 1918లో శ్వేతగిరుల జాతీయవన మేర్పడెను. నేడది సుమారు ఎనిమిది లక్షల ఎకరములు.

మరియొక సంగతి మన సోదరీమణులు తప్పక వినవలెను. ఫ్రాంకోనియా కనుమ యని లింకన్ సమీపమున మిక్కిలి సుందరమైన చోటు కలదు. 1923లో అచ్చటి పెద్ద హోటలు కాలిపోగా, యజమానులు ఆ భూమిని అమ్మజూపిరి. కలపవ్యాపారుల చేతిలో పడినచో చెట్లన్నియు పోవును. రాష్ట్రప్రభుత్వము కొంత ధనమిచ్చెను. ఒక దాత కొంత ఇచ్చెను. మిగిలినదానికై రక్షణసంఘమును మహిళాసమాజములును ఒక ఉపాయము పన్నినవి. చెట్టు ఒకటికి ఒక డాలరు. డాలరిచ్చినవారు ఒక చెట్టును కొనినట్లు. గృహిణులు ఇంటిఖర్చులో మిగిల్చిన డాలరును, బడిపిల్లలు పైసలు కూడబెట్టి చేసిన డాలరును పంపిరి. 1928లో ఆ కనుమ ప్రజల వనముగా ప్రతిష్ఠింపబడెను. వారు కొనిన చెట్టును వారెవరును ఇంటికి తీసికొనిపోలేదు. అది నిలిచియుండుటయే వారు కొనినది.

ఇన్ని చెప్పిన పిదప ఒక విచారమును దాచరాదు. తిరిగి వచ్చిన అడవి పూర్వపు అడవి కాదు. గొడ్డలి ఎన్నడును పడని లోయలు కొన్ని నేటికిని మిగిలియున్నవి. శాండ్విచ్ శ్రేణిలోని బౌల్ అను లోయ అట్టిది. అట్టి వనములలో శతాబ్దముల వయసు గల చెట్లును, కూలి మెత్తబడిన మహాకాండములును, వాని మీద మొలచిన పిల్లచెట్లును ఒక్కచోట కాపురముండును. తాత మొదలు మునిమనుమని వరకు ఉన్న ఉమ్మడికుటుంబమువలె. నరికినచోట పెరిగిన చెట్లు చాలవరకు ఒక్కయీడువి. ఉమ్మడికుటుంబ మేర్పడుటకు ఇంకను ఎన్నో తరములు పట్టును. స్ప్రూస్ నరికిన దిగువవాలులలో చాలచోట్ల దాని స్థానమును ఆకురాల్చు చెట్లు తీసికొనెను. బీచ్ చెట్లకు విదేశమునుండి 1890 ప్రాంతమున కెనడారేవులో దిగిన చిన్న పురుగు వలనను, దాని వెంట వచ్చు బూజు వలనను రోగము పట్టినది. రోగిచెట్టు వేళ్లనుండి కుప్పలుగా పిలకలు లేచి, మేపిల్ మొక్కలకు వెలుతురు తగులనీయవు.

నేల కూడ మరియొక దెబ్బ తినెను. బొగ్గు కాల్చు కర్మాగారముల పొగ వానలో కలసి ఆమ్లవర్షముగా కురిసి, మన్నులోని సున్నపు సారమును కడిగివేసెను. ఈ సంగతిని ఉత్తర అమెరికాలో తొలుత గుర్తించినచోట్లలో హబ్బర్డ్ బ్రూక్ ముఖ్యమైనది. సున్నపు సారము తగ్గినచో మొదట కృశించునది షుగర్ మేపిల్. శీతకాలపు కడపట దాని మొదలికి చిన్న రంధ్రము చేసి, కారు తీపినీటిని కాచి పాకము తీయుదురు. సుమారు నలుబది శేర్ల నీరు మరుగగా ఒక శేరు పాకము వచ్చును. నా చెల్లెలు దానితో గారెలు నానవేసి పాకపుగారెలు చేసెను; బెల్లపు రుచికి సాటి రాకున్నను, దాని పరిమళము వేరు. అట్టి చెట్టు చిక్కిపోవుచుండగా 1999లో శాస్త్రజ్ఞులు ఒక లోయపై హెలికాప్టరునుండి సున్నపు సారము గల ఖనిజపు పొడి చల్లించిరి. కొలది సంవత్సరములలో అచ్చటి మేపిల్ చెట్లు తేరుకొని, పిల్లమొక్కలు హెచ్చెను. 1990లో ఆ దేశమున పొగను తగ్గించుటకు చట్టము వచ్చుటచే వానలోని ఆమ్లము కూడ చాల తగ్గినది. రోగమెక్కడనో తెలిసినచో నేలకు పథ్యము చేయవచ్చునన్న మాట.

ఆ వనమున నేటికిని కొన్ని భాగములలో కలప నరుకుదురు. అది తప్పని వారనరు. ఇండ్లకు కలప కావలయును, పుస్తకములకు కాగితము కావలయును. కాని పలుచోట్ల నేల గడ్డకట్టి మంచు కప్పియున్నప్పుడు నరుకుదురు. యంత్రముల బరువునకు మన్ను నలుగదు. నరుకువాడు తాను తీసికొనుదానిని మాత్రమే గాక, తాను విడిచిపెట్టు దానిని కూడ లెక్కించుచున్నాడు. నూరేండ్ల క్రిందటి వర్తకునికిని వీనికిని ఉన్న భేద మదియే.

ఈ కథలో మనకును పాఠము లేకపోలేదు. మన తెలుగుదేశపు కొండలలోని టేకు మొదలగు వృక్షములు కూడ నరికినను మోటినుండి చిగిర్చునవియే. వేసవిలో నిప్పు పెట్టక, లేతచిగురును మేకలు కొరకక కొన్ని సంవత్సరములు గడచినచో బోడికొండ యనుకొనినది తనంత తాను పచ్చబడుట పల్లెలలోని పెద్దవారెరిగినదే. మనము మాత్రము ఏటేట పండుగ చేసి మొక్కలు నాటి, పటము తీయించుకొని, మరునాడు దానికి నీరు పోయుట మరచుచున్నాము. నాటుట మంచిదే, నేనాక్షేపింపను. మన్ను పూర్తిగా పోయినచోట నాటక తప్పదు. కాని వేరు బ్రతికియున్నచోట, విత్తు నిద్రించుచున్నచోట మొదట చేయవలసినది కాపలా. పెరటిలో ఎండినట్లు కనబడు మల్లెపాదును పెరికివేయుటకు ముందు గోటితో బెరడు గీరి, లోపల పచ్చదనమున్నదేమో చూచుట మన యిండ్లలోని వాడుక. కొండను గూడ అట్లే చూడవలెను.

మీ ఊరి కొండను, చెరువుగట్టును, పాత తోపును ఒకసారి ఆ దృష్టితో చూడుడు. మోళ్లలో పచ్చని చిగురున్నచో, ముందుగా అగ్గిపుల్ల అచ్చటికి పోకుండ ఆపుడు. మేకలవారితో తగవులాడక, నాలుగేండ్లకు మరియొక మేతబీడు చూపుమని పెద్దలను కోరుడు. మీ పిల్లలకు ఆ మోడును చూపి, దాని పేరు నేర్పుడు. వారు పెద్దవారగునప్పటికి దాని నీడ వారికి అందును.